టైరుకు చోటున్న ఫ్రేమే సుఖం

పాత స్టీలు సైకిలు కొనేవాళ్ళ కళ్ళు ముందు సీటు కింది గొట్టం మీద స్టిక్కరునే వెతుకుతాయి. రెనాల్డ్స్ 531 అనో, కొలంబస్ అనో పేరుమోసిన గొట్టం గుర్తు కనబడిందంటే అమ్మేవాడి గొంతు మారుతుంది, దానితోపాటు ధరా మారుతుంది. మంచి స్టీలు మెత్తగా నడుస్తుందనీ, గతుకుల్ని తనే మింగేస్తుందనీ, అల్యూమినియం నడుము విరగ్గొడుతుందనీ ఒక నమ్మకం. ఈ మాటలో సగమే నిజం. ఆ సగం కూడా నెల్లూరు తీరంలో పెద్దగా అక్కరకు రాదు. కావలి నుంచి తడ దాకా సముద్రాన్ని ఒరుసుకుంటూ సాగే ఈ నేల మీద పాత ఫ్రేము సుఖంగా నడవాలంటే, దానిలో ఎంత లావు టైరు పడుతుందో ముందు చూడాలి. మన ఒంటికి అమరుతుందా లేదా అన్నది ఆ తర్వాత. గొట్టం పుట్టుపూర్వోత్తరాలు ఆఖరున చూసుకోవచ్చు. వీటన్నిటికంటే ముందు, అసలు ఫ్రేము లోపల ఇనుము మిగిలి ఉందో లేదో తేల్చుకోవాలి. ఉప్పుగాలి ఏ స్టిక్కరునూ ఖాతరు చెయ్యదు.

స్టీలు సైకిలు మన జిల్లాకు పాత చుట్టమే. 1949లో మద్రాసు శివారు అంబత్తూరులో మొదలైన టీఐ సైకిల్స్ హెర్క్యులిస్, ఫిలిప్స్, బీఎస్ఏ పేర్లతో బళ్ళు తయారుచేసింది. అసన్‌సోల్‌లో సేన్-ర్యాలీ, సోనీపత్‌లో 1951 నుంచి అట్లాస్, లూధియానాలో 1956 నుంచి హీరో. ఇవన్నీ ఇంగ్లండు రోడ్‌స్టర్‌కు తోబుట్టువులే. 28×1½ టైర్లు, లగ్గుల్లో గొట్టాలు దూర్చి ఇత్తడి పోసి అతికిన కీళ్ళు, రాడ్ బ్రేకులు, 22 లేదా 24 అంగుళాల ఫ్రేము. పాలక్యాన్లూ వడ్ల బస్తాలూ చేపల గంపలూ మోసిన బళ్ళవి. వంపు హ్యాండిలు, సన్న టైరు, గేర్లు ఉండే రోడ్ బైకుది వేరే జాతి. పాతకాలపు మంచి రోడ్ ఫ్రేము మనకు దొరికితే పెద్ద ఊళ్ళ పాత సామాను బజార్లో దొరకాలి, లేదంటే అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉన్న బంధువుల సామానులో రావాలి. రెండో దారిని తేలిగ్గా తీసెయ్యక్కర్లేదు. 1970ల మొదట్లో అమెరికాలో సైకిళ్ళ పిచ్చి ముదిరి, 1973 ఒక్క ఏడాదే కోటిన్నర బళ్ళు అమ్ముడుపోయాయి. వాటిలో పది గేర్ల స్టీలు బళ్ళు చాలా అక్కడి గరాజుల్లో ఇప్పటికీ మూలుగుతున్నాయి. ఫ్రేమూ ఫోర్కూ మాత్రం విప్పి అట్టపెట్టెలో సర్దుకుంటే విమానంలో తెచ్చుకోవచ్చు. మనవాళ్ళు ఇంతకంటే విచిత్రమైన సామానే తెస్తుంటారు.

ఇక అసలు తగువుకొద్దాం. సైకిలు ఫ్రేము రెండు త్రిభుజాలు కలిసిన కట్టడం. త్రిభుజం పైనుంచి వచ్చే బరువుకు అంత తేలిగ్గా లొంగదు. వంతెనల్లో, ఇళ్ళ దూలాల్లో దాన్ని వాడేది అందుకే. మనిషి కూర్చున్నప్పుడో, వెనక చక్రం గుంతలో పడినప్పుడో ఫ్రేము వెనక భాగం నిలువుగా వంగేది మిల్లీమీటరుకు అటూఇటూగానే. ఆ గొట్టం ఖరీదైనదైనా చవకదైనా లెక్కలో పెద్ద తేడా రాదు. ఎందుకంటే మామూలు ఉక్కూ, మాంగనీసు మాలిబ్డినం కలిపిన 531 ఉక్కూ, క్రోమియం కలిపిన ఉక్కూ, అన్నిటి స్థితిస్థాపక గుణకమూ (బరువుకు ఎంత సాగుతుందో చెప్పే లెక్క) ఇంచుమించు ఒక్కటే, 200 గిగాపాస్కల్స్ దరిదాపుల్లో. మిశ్రమం మారితే మారేది బలం. బలం ఎక్కువుంటే గొట్టాన్ని సన్నగా లాగవచ్చు, బరువు తగ్గించవచ్చు. మంచి స్టీలుకు ఎక్కువ ఇచ్చే డబ్బంతా ఆ పల్చదనానికే. ఇప్పుడు టైరు చూడండి. బరువు పడినప్పుడు టైరు తన ఎత్తులో 15 శాతం దాకా అణగాలని ఫ్రాంక్ బెర్టో అనే అమెరికన్ సాంకేతిక రచయిత కొలిచి చెప్పిన లెక్క ఒకటుంది. ఆ లెక్కన 23 మిల్లీమీటర్ల టైరు మూడున్నర మిల్లీమీటర్లు అణుగుతుంది, 35 మిల్లీమీటర్లది ఐదుకు పైన. రాయి తగిలినప్పుడు రిమ్ముకు దెబ్బ తగలకుండా ఇంకా దిగడానికి లావు టైరుకు బోలెడు చోటుంటుంది. సన్నదానికి అది ఉండదు కాబట్టే వంద పీఎస్ఐ దాటించి గాలి కొట్టాల్సి వస్తుంది. లావుదానికి యాభై చిల్లర సరిపోతుంది. ఫ్రేము ఇచ్చే ఒక్క మిల్లీమీటరు కోసం వేలు పోసి, టైరు ఇచ్చే ఐదింటిని వదులుకోవడం లెక్కరాని బేరం.

ఇది కాగితం మీది లెక్కేగా అనేవాళ్ళుంటారు. దీన్ని మనుషుల మీదే పరీక్షించి చూసిన సందర్భం ఉంది. 1990ల మధ్యలో బైసికిల్ గైడ్ అనే అమెరికన్ పత్రిక కోసం ఇటలీ ఫ్రేము పనివాడు ఆంటోనియో మొండోనికో ఒకే కొలతలతో ఏడు ఫ్రేములు చేశాడు. ఒక్కోదానికి ఒక్కో రకం కొలంబస్ గొట్టం. చవక గొట్టం నుంచి అగ్రశ్రేణి దాకా అన్నీ ఉన్నాయి. రంగు ఒకటే, సామాను ఒకటే, ఏది ఏదో తొక్కేవాళ్ళకు తెలియదు. ఏళ్ళ తరబడి సైకిళ్ళను తూకం వేసి రాసిన విమర్శకులే తేడా గట్టిగా చెప్పలేకపోయారు. ఆ పరీక్ష చిన్నది, దానితోనే శాస్త్రం స్థిరపడిపోదు. కానీ స్టిక్కరు కళ్ళకు కనబడనప్పుడు ఆ మెత్తదనం ఎక్కడికి పోయిందన్న ప్రశ్నను అది మిగిల్చింది.

అయితే సన్న గొట్టం ఫ్రేము 'ప్రాణమున్నట్టు' కదులుతుందనే వాళ్ళంతా అబద్ధమాడుతున్నారా? లేదు. వాళ్ళు చెప్పేది నిలువు మెత్తదనం గురించి కాదు, పక్కకు వంగడం గురించి. పెడలు మీద బలంగా తొక్కినప్పుడు ఫ్రేము కొద్దిగా పక్కకు వంగి, మెలిక తిరిగి, మళ్ళీ సర్దుకుంటుంది. ఈ తేడా నిజంగానే పెద్దది, దాన్ని కొలిచి చూసుకోవచ్చు కూడా. ఆ కాలపు ఫ్రేముల్లో సీటు గొట్టం బయటి వ్యాసం సాధారణంగా 28.6 మిల్లీమీటర్లు. లోపల దిగే సీటు పిల్లరును వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. 27.2 వచ్చిందంటే గొట్టం గోడ మందం 0.6, 0.7 మిల్లీమీటర్ల మధ్య ఉన్నట్టు. 25.4 వచ్చిందంటే గోడ 1.6 మిల్లీమీటర్లు. వంగడానికి చూపే బిగువులో ఈ రెంటికీ రెండు రెట్లకు పైగా తేడా ఉంటుంది. స్టిక్కరు ఎవరైనా అంటించవచ్చు, పిల్లరు కొలత అబద్ధం చెప్పదు. కనుక సన్న గొట్టానికి ఒక గుణముంది, ఒప్పుకుందాం. తొక్కేవాడి కాళ్ళ లయకు ఫ్రేము వంపు జతపడితే తొక్కుడు తేలికవుతుందని బైసికిల్ క్వార్టర్లీ సంపాదకుడు యాన్ హైనే చాలాకాలంగా వాదిస్తున్నాడు. ఆ వాదం అందరూ ఒప్పుకున్నది కాదుగానీ, కొట్టిపారెయ్యదగ్గదీ కాదు. నా అభ్యంతరం వేరు. అది ఎత్తులెక్కేటప్పుడు, ఎగబడి తొక్కేటప్పుడు తెలిసే సుఖం. గతుకు రోడ్డు మీద రెండు గంటలు కూర్చుని పోయేవాడి నడుముకు దానితో ఒరిగేదేమీ లేదు.

ఈ నేల స్వభావం ఇక్కడ తీర్పు చెబుతుంది. పెన్నా డెల్టా అంతా అరచెయ్యిలా చదును. నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా మైపాడు పోయినా, ముత్తుకూరు మీదుగా కృష్ణపట్నం పోయినా, సూళ్ళూరుపేట నుంచి పులికాట్ మధ్యగా శ్రీహరికోట వైపు పోయినా వంతెనల ఎత్తు తప్ప గుట్టన్నది తగలదు. చదును మీద బరువు అంతగా బాధించదు. మనిషీ బండీ కలిసి 85 కిలోలున్నప్పుడు ఫ్రేము రెండు కిలోలు ఎక్కువైతే టైరు రాపిడి రెండు శాతం చిల్లర పెరుగుతుంది, అంతే. గంటకు 25 కిలోమీటర్ల వేగంలో మన బలంలో సగానికి పైగా గాలికే పోతుంది. మధ్యాహ్నం తర్వాత సముద్రం నుంచి గాలి లేస్తుంది, మైపాడు దారి తూర్పు ముఖంగా పోతుంది. 25లో తొక్కుతూ 15 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలిందంటే గాలి అడ్డు రెండున్నర రెట్లవుతుంది. కిలో తేలికైన ఫ్రేము అక్కడ చేసేదేమీ లేదు. చేతులు కిందకు వంచి పట్టుకోగలిగే హ్యాండిలు చేస్తుంది. రోడ్ ఫ్రేము కావాలనడానికి ఈ తీరంలో అసలు కారణం ఇదే.

రోడ్ల సంగతి చెప్పాలంటే, 16వ నంబరు జాతీయ రహదారి మీద ఏ టైరైనా పోతుంది. అది దిగి తీరం వైపు తిరిగితే కథ మారుతుంది. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు బీటలిస్తుంటే తారు దాని మీద నిలవదు. వడ్ల ట్రాక్టర్లూ, రొయ్యల మేత లారీలూ తిరిగి అంచులు విరుగుతాయి. ఊరు దాటి జాలరుల పట్టపుపాలెం దగ్గరకొచ్చేసరికి రోడ్డు మీదికి ఇసుక వచ్చి పడుతుంది. ఇటువంటి చోట 23 మిల్లీమీటర్ల టైరు శిక్షే. లావు టైరు మందగిస్తుందన్న భయం కూడా పాతదైపోయింది. గరుకు రోడ్డు మీద గట్టి టైరు బండినీ మనిషినీ కలిపి ఎగరేస్తుంది, ఆ ఎగురుడులో బలం వృథా అవుతుంది. టూర్ డి ఫ్రాన్స్ పోటీదారులే 23 వదిలి 28కీ ఆ పైకీ వచ్చారు. వాళ్ళ రోడ్లేమో మనవాటికంటే నున్ననివి.

కాబట్టి ఫ్రేము ముందు కూర్చుని కొలవాల్సిన చోట్లు ఇవి: ఫోర్కు మెడ కింద ఖాళీ, ఫోర్కు కాళ్ళ మధ్య వెడల్పు, పెడల్ కప్పుల గూడు నుంచి వెనక ఇరుసుకు పోయే చైను స్టేల మధ్య, గూడుకు కాస్త వెనుకగా వెడల్పు. 32 మిల్లీమీటర్ల టైరు పట్టి, రెండు పక్కలా నాలుగేసి మిల్లీమీటర్లు మిగలాలి. మడ్గార్డు పెట్టుకోవాలంటే ఇంకొంచెం. వానాకాలం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నడిచే జిల్లాలో మడ్గార్డు అలంకారం కాదు. 1980ల చివరి రేసు ఫ్రేముల్లో ఈ చోటు ఉండదు. అప్పటి ఫ్యాషను చక్రాన్ని ఫ్రేముకు అంటించినట్టు కట్టడం. అందమైన ఇటలీ ఫ్రేముల్లో చాలావాటికి 25 దాటి పట్టదు. బ్రేకు బోల్టు రంధ్రం నుంచి రిమ్ము దాకా 39-49 మిల్లీమీటర్ల బ్రేకులుంటే అది ఆ కోవదే అనుకోవచ్చు. 47-57 లేదా అంతకంటే పొడుగు బ్రేకులున్న 1970ల, 80ల మొదటి స్పోర్ట్, టూరింగు ఫ్రేములు మనకు తగినవి. స్టిక్కరు చిన్నదే కావచ్చు, జపాను టాంగే గొట్టమో మామూలు హై టెన్సైలో కావచ్చు, అయినా చోటుంటుంది. ఆ కాలపు బళ్ళలో చాలావాటికి 27 అంగుళాల చక్రాలుండేవి, రిమ్ము మీద టైరు కూర్చునే వ్యాసం 630 మిల్లీమీటర్లు. ఆ టైరు ఇక్కడ దొరకడం కష్టం, మన 28×1½ టైరు 635ది కాబట్టి దానికి ఎక్కదు. 622 వ్యాసముండే 700సీ చక్రం వేసుకోండి. అప్పుడు బ్రేకు కట్టలు నాలుగు మిల్లీమీటర్లు కిందికి దించాలి, ఆ నాలుగూ టైరుకు అదనపు చోటవుతాయి. వెనక చక్రం ఇరుసు వెడల్పు పాతవాటిలో 120 లేదా 126 మిల్లీమీటర్లు, తర్వాతి కాలపు రిమ్ము బ్రేకు రోడ్ హబ్బులకు 130 కావాలి. స్టీలు కాబట్టి తెలిసిన మేస్త్రీ చేత మెల్లగా విప్పించుకోవచ్చు. అల్యూమినియంతో ఆ పని ఎన్నడూ చెయ్యకూడదు.

పొడుగు ఫ్రేము సుఖంగా ఉంటుందన్న మాటను కూడా తూచి చూడాలి. చక్రాల మధ్య దూరం 100 సెంటీమీటర్లుండి, సీటు వెనక ఇరుసుకు 20 సెంటీమీటర్లు ముందున్న బండిలో వెనక చక్రం పది మిల్లీమీటర్ల రాయెక్కితే సీటు ఎనిమిది లేస్తుంది. దూరం 106కు, సీటు స్థానం 24కు పెంచితే 7.7 లేస్తుంది. ఇంత కష్టానికి మిగిలింది 0.3 మిల్లీమీటరు. కొలతల అసలు ప్రయోజనం మరోచోట ఉంది. చేతులు హ్యాండిలుకు మరీ చాచాల్సి వస్తే బరువంతా అరచేతుల మీద, మెడ మీద పడుతుంది. ఫ్రేము పొట్టిదైతే హ్యాండిలు ఎంత లేపినా చాలదు. హ్యాండిలును పట్టుకునే పాత పద్ధతి స్టెమ్‌ను గొట్టంలోంచి పైకి లాగవచ్చుగానీ దానికీ ఒక హద్దుంటుంది. ఒంటికి సరిపడని రెనాల్డ్స్ కంటే సరిపడిన అనామకమే మేలు. ఫోర్కు దగ్గర మాత్రం స్టీలుకు నేను మార్కులు వేస్తాను. చివర సన్నబడి, ముందుకు నిదానంగా వంగిన పాత ఫోర్కు కాళ్ళు దెబ్బ తగిలినప్పుడు నిజంగానే వంగి చేతులను కాపాడతాయి. కాబట్టి ఫ్రేముతోపాటు దాని సొంత ఫోర్కు ఉందో లేదో అడిగి మరీ తీసుకోవాలి.

ఇక తుప్పు. సముద్రం నుంచి వచ్చే ఉప్పు తేమను పీల్చుకుంటుంది, అందువల్ల వాన పడకపోయినా ఇనుము మీద తడి పలచగా నిలిచే ఉంటుంది. నీళ్ళు సీటు పిల్లరు చీలిక గుండా, అతుకులప్పుడు పెట్టిన గాలి రంధ్రాల గుండా దిగి పెడల్ కప్పుల గూట్లో నిలుస్తాయి. సన్న గొట్టం గొప్ప ఇక్కడ తిరగబడుతుంది. 1.6 మిల్లీమీటర్ల గోడలో 0.3 తుప్పు తినేసినా బండి నడుస్తుంది, 0.6 గోడలో అదే 0.3 పోతే సగం పోయినట్టు. తీరంలో ఏళ్ళు గడిపిన తేలికపాటి ఫ్రేమును పైరంగు చూసి కొనడమంటే కళ్ళు మూసుకుని కొనడమే. సీటు పిల్లరు బయటికి లాగించండి. అది రాకపోతే బేరం అక్కడితో ఆపండి, అల్యూమినియం పిల్లరు ఉక్కుతో కరుచుకుపోయిందన్నమాట. వస్తే లోపలికి టార్చి కొట్టండి. ఎర్రటి పొడి ఫరవాలేదు, పొరలు పొరలుగా లేస్తే వద్దు. చైను స్టేలను గూటి దగ్గర నాణెంతో తట్టుకుంటూ పోతే, మోగుతున్న గొట్టం ఒక్కసారిగా బొంగురుపోయే చోటు తెలుస్తుంది. పై గొట్టాన్నీ కింది గొట్టాన్నీ, హ్యాండిలు కిందుండే ముందు గొట్టానికి కొంచెం వెనగ్గా, వేలితో అడుగున తడమండి. చిన్న ఉబ్బు, రంగులో సన్న ముడత తగిలితే బండి ఎప్పుడో దేన్నో ఢీకొన్నదే. ముందు గొట్టం నుంచి వెనక చక్రం చీలికలకు రెండు పక్కలా దారం బిగించి కట్టి, సీటు గొట్టానికి ఆ పక్కా ఈ పక్కా దూరం సమానమో కాదో చూస్తే వంకర బయటపడుతుంది. కొన్నాక లోపల అవిసె నూనె తిప్పి పోసి ఆరనివ్వడం పాత పద్ధతి, ఇప్పటికీ మంచిదే. గూటి అడుగున చిన్న రంధ్రం ఉండాలి. బోరు నీళ్ళు ఉప్పగా ఉండే ఊళ్ళలో ఆ నీళ్ళతో బండి కడిగారంటే తుప్పును మీరే పిలిచినట్టు. తాగే నీళ్ళలో తడిపిన గుడ్డ చాలు.

ఇంత తలనొప్పి ఎందుకు, తుప్పు పట్టని అల్యూమినియం కొనుక్కోవచ్చుగా అంటారు. న్యాయమైన ప్రశ్నే. కొత్త అల్యూమినియం ఫ్రేములో 35 టైరు పడితే అది నున్నగానే నడుస్తుంది. పైన చెప్పిందంతా దానికీ వర్తిస్తుంది, నేనూ కాదనను. కానీ ఉప్పు దాన్నీ వదలదు. ఉక్కు బోల్టు తగిలిన చోట తెల్లటి పొడి లేచి గుంతలు పడతాయి. పగులు వచ్చినప్పుడు తేడా తెలుస్తుంది. స్టీలు ఫ్రేము కీలు విడిస్తే గ్యాసు మంట, ఇత్తడి కడ్డీ, నిదానం ఉన్న మేస్త్రీ చాలు. అల్యూమినియాన్ని అతికాక మళ్ళీ వేడి చికిత్స చెయ్యాలి, ఆ పని చేసే దుకాణం మండల కేంద్రంలో వెతికినా దొరకదు. స్టీలు ఎంచుకోవడానికి నా దృష్టిలో ఇదే బలమైన కారణం.

మరి ఇంట్లో అటక మీదున్న తాతల నాటి హెర్క్యులిస్ సంగతేమిటి? 38 మిల్లీమీటర్ల టైరు, మందపాటి గోడ, స్ప్రింగు సీటు, ఊరూరా దొరికే ట్యూబు. సుఖం ఒక్కటే లెక్కయితే గెలిచేది అదే, సందేహం లేదు. ఓడేది గాలి దగ్గర, రాడ్ బ్రేకుల దగ్గర. రోజుకు పది కిలోమీటర్లు ఊళ్ళో తిరిగేవాళ్ళు వేరే ఫ్రేము వెతకడం అనవసరం. దాన్నే విప్పి, బాల్సు మార్చి, గ్రీజు పెట్టించుకుంటే సరి. నెల్లూరు నుంచి సముద్రం దాకా పోయి రావాలనుకునేవాళ్ళకు మాత్రం నా సిఫారసు ఇది: 1970లు, 80ల మొదటి నాటి, పొడుగు బ్రేకుల, తన సొంత ఫోర్కు ఉన్న, 32 టైరు పట్టే, లోపల శుభ్రంగా ఉన్న టూరింగు ఫ్రేము. ఏ పేరున్నా, ఏ పేరూ లేకున్నా సరే. స్టిక్కరుకు ఇవ్వబోయిన డబ్బు మిగుల్చుకుని మంచి టైర్ల జత కొనండి, బంకులో గట్టిగా కొట్టించకుండా సగం గాలితోనే తొక్కి చూడండి.